చేతికి అందేంత దూరంలో

ఆస్పత్రి వార్డులో చేతుల శుభ్రత: చేయవలసినవి, చేయకూడనివి

ఐసీయూలో పనిచేసే నర్సుకు గంటలో ఇరవై సార్ల దాకా చేతులు శుభ్రం చేసుకోవలసిన అవసరం వస్తుంది. సింకు దాకా నడిచి, సబ్బు రుద్ది, కడిగి, ఆరబెట్టుకుని మళ్లీ మంచం దగ్గరికి వచ్చేసరికి తక్కువలో తక్కువ నిమిషం, ఒక్కోసారి నిమిషంన్నర. ఇరవై సార్లకు అరగంట దాకా. గంటలో అరగంట సింకు దగ్గరే గడిస్తే సెలైన్ మార్చేదెవరు, కఫం తీసేదెవరు, కేస్ షీట్ రాసేదెవరు? 1990లలో జెనీవా విశ్వవిద్యాలయ ఆస్పత్రుల్లో డాక్టర్ డిడియే పిట్టె బృందం వార్డుల్లో నిలబడి గమనించినప్పుడు బయటపడింది ఇదే. పని పెరిగిన కొద్దీ చేతులు కడగడం తగ్గుతోంది. అందుకని ఆ బృందం మందలింపులు పక్కనపెట్టి, ఆల్కహాల్ కలిసిన హ్యాండ్ రబ్ సీసాలను మంచాల దగ్గరే పెట్టించింది. జేబులో పట్టే సీసాలు కూడా ఇచ్చింది. 1994లో 48 శాతం ఉన్న చేతుల శుభ్రత 1997కి 66 శాతానికి పెరిగింది. ఆస్పత్రిలో ఉండగా అంటుకునే ఇన్‌ఫెక్షన్లు 1994లో 16.9 శాతం నుంచి 1998కి 9.9 శాతానికి దిగాయి.

అంతకు నూట యాభై ఏళ్ల ముందే వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ శవపరీక్షల గది నుంచి తిన్నగా పురిటి గదికి వచ్చే డాక్టర్లతో, వైద్య విద్యార్థులతో క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్లలో చేతులు కడిగించాడు. 1847 ఏప్రిల్‌లో 18 శాతం దాకా ఉన్న బాలింతల మరణాలు ఆ వేసవికల్లా 2 శాతం దగ్గరికి వచ్చాయి. అంత రుజువు ఉండి కూడా తోటి డాక్టర్లను ఒప్పించలేకపోయాడు. చివరికి తనను కాదన్న ప్రొఫెసర్లను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. అవి శత్రువులను పెంచడం తప్ప చేసిందేమీ లేదు. మన వార్డుల గోడల మీద ఎర్రక్షరాల హెచ్చరిక పోస్టర్లు, వాటి కింద నీళ్లు రాని కొళాయిలు చూసినప్పుడల్లా నాకు ఆ లేఖలే గుర్తొస్తాయి.

జెనీవాలో కొళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. పేద దేశాల సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, ఆస్పత్రిలో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాలలో ఏడుగురికి, అల్ప, మధ్యాదాయ దేశాలలో 15 మందికి అక్కడే కనీసం ఒక ఇన్‌ఫెక్షన్ అంటుకుంటోంది. అలా అంటుకున్న పదిమందిలో ఒకరు చనిపోతున్నారు. ఐసీయూలలో చేతుల శుభ్రత సంపన్న దేశాలలో సుమారు 64 శాతం ఉంటే, అల్పాదాయ దేశాలలో 9 శాతమే. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన లెక్క ఇంకొకటి ఉంది. ప్రపంచంలోని ఆరోగ్య కేంద్రాలలో దాదాపు సగం చోట్ల, రోగిని చూసే చోటో మరుగుదొడ్ల దగ్గరో కనీసం ఒకచోట చేతులు శుభ్రం చేసుకునే వసతి లోపించింది. ఆ 9 శాతాన్ని చూసి నర్సులను తిట్టబోయేవాళ్లు ముందు ఈ సగం సంగతి చదవాలి.

మాలీ రాజధాని బమాకోలో కొండ మీద పాయింట్ జి అనే పెద్దాస్పత్రి ఉంది. 2006-08 మధ్య అక్కడ జరిగిన ప్రయత్నంలో, మొదట గమనించినప్పుడు చేతులు శుభ్రం చేసుకోవలసిన 100 సందర్భాలలో చేసుకున్నది ఎనిమిదింట్లోనే. చెరకు నుంచి తీసిన స్పిరిట్‌తో ఆస్పత్రి ఫార్మసీలోనే హ్యాండ్ రబ్ తయారుచేసి, శిక్షణ ఇచ్చాక అది 21.8 శాతానికి చేరింది. చప్పట్లు కొట్టించే అంకె కాదిది. ఐదింట నాలుగుసార్లు ఇంకా జరగనట్టే. అయినా ఏమీ లేనిచోట రెండున్నర రెట్లకు పైగా పెరిగింది కాబట్టి, నా దృష్టిలో దీని విలువ జెనీవా అంకెకన్నా ఎక్కువ.

ప్రపంచ బ్యాంకు లెక్కలో మనది అల్పాదాయ దేశం కాదు, దిగువ మధ్యాదాయ దేశం. జ్వరాల సీజన్‌లో మంచానికిద్దరు పడుకునే మన పెద్దాస్పత్రి జనరల్ వార్డులో ఆ తేడా పెద్దగా కనిపించదు. కింద రాసినవి బమాకో నర్సుకు ఎంత పనికొస్తాయో మన జిల్లా ఆస్పత్రి సిస్టరుకూ అంతే పనికొస్తాయి.

ఎప్పుడెప్పుడు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు సందర్భాలు చెప్పింది. రోగిని ముట్టుకునే ముందు. కాన్యులా పెట్టడం, డ్రెస్సింగ్ చేయడం, క్యాథెటర్ వేయడం వంటి శుభ్రంగా జరగాల్సిన పనికి ముందు. రక్తం, మూత్రం, చీము వంటివి తగిలాక, లేదా తగిలే అవకాశమున్న పని చేశాక. రోగిని ముట్టుకున్నాక. రోగిని ముట్టుకోకపోయినా ఆ మంచం, సెలైన్ స్టాండు, దుప్పటి, పక్కనున్న స్టూలు ముట్టుకున్నాక.

వీటిలో మూడోదాన్నీ నాలుగోదాన్నీ చాలామంది పాటిస్తారు. ఎక్కువగా తప్పేవి మొదటి రెండే. మన చేతికి ఏదో అంటిందనుకుంటే ఎవరూ చెప్పకుండానే కడుగుతాం. మన చేతి నుంచి ఎదుటివాళ్లకు అంటుతుందన్న ఊహ అంత తొందరగా రాదు. కంటికి శుభ్రంగా కనిపించే చేయి కదా! ఎక్కువ ప్రమాదం ఈ రెండు సందర్భాలలోనే ఉంది కాబట్టి వార్డులో శిక్షణ ఇచ్చేవాళ్లు వీటి మీదే ఎక్కువసేపు గడపాలి.

కాన్యులా పెట్టే సిస్టర్‌నే చూడండి. ట్రే తెచ్చి స్టూలు మీద పెట్టి, చేతులకు రబ్ రాసుకుంది. బాగుంది. తర్వాత మంచం రెయిలింగ్ దించింది. రోగి చేయి తిప్పి నరం వెతికింది. ప్లాస్టర్ ముక్కలు చింపి మంచం అంచుకు అతికించింది. ఈలోపు ఫోన్ మోగితే చూసి జేబులో వేసుకుంది. ఇప్పుడు సూది గుచ్చుతుంది. మొదట రాసుకున్న రబ్ ఫలితం ఎప్పుడో పోయింది. సూదికి సరిగ్గా ముందు ఇంకోసారి రాసుకుని, గ్లౌజులు తొడుక్కోవాలి.

చేయండి:

కావలసిన సామానంతా ముందే ట్రేలో సర్దుకోండి. ప్లాస్టర్ ముక్కలు శుభ్రమైన ట్రేలోనే ఉంచుకోండి, మంచానికి అతికించవద్దు. రోగి శరీరంలోకి వెళ్లే ఏ పనికైనా చివరి క్షణంలో చేతులు శుభ్రం చేసుకోండి. మంచానికిద్దరు ఉన్నప్పుడు ఒకరి నుంచి ఇంకొకరి మీదికి చేయి వెళ్లే ముందు కూడా రాసుకోండి. మంచం ఒకటే అయినా రోగులు ఇద్దరు. నేలమీద పక్క వేసిన రోగికీ ఇదే వర్తిస్తుంది. ఆ మూలకు సీసా ఉండదు కాబట్టి జేబు సీసా దగ్గర పెట్టుకోండి.

చేయకండి:

వార్డు మొదట్లో ఒకసారి రాసుకుని ముప్పై మంచాలు చుట్టి రాకండి. రౌండ్స్‌లో ఉన్న డాక్టర్లకు ఇది మరీ ముఖ్యం. నర్సులకన్నా డాక్టర్లే తక్కువగా పాటిస్తారని జెనీవాతో మొదలుపెట్టి చాలా చోట్ల తేలింది. స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టి తీసి, అదే చేత్తో తర్వాతి మంచం వాళ్ల పొట్ట నొక్కకండి. స్పిరిట్ దూదితో రోగి చర్మం తుడిచినంత మాత్రాన మీ చేయి కూడా శుభ్రమైందనుకోకండి.

రబ్ ఎలా, సబ్బు ఎలా?

చేతికి మురికి కనబడకపోతే రబ్, కనబడితే సబ్బు, నీళ్లు. ఇదీ మూలసూత్రం. రక్తం, మలం, మందుల జిగురు అంటినప్పుడు, మరుగుదొడ్డికి వెళ్లివచ్చాక, విరేచనాలతో ఉన్న రోగికి సేవ చేశాక సబ్బుతోనే కడగాలి. విరేచనాలు కలిగించే కొన్ని సూక్ష్మజీవులు, ముఖ్యంగా క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ బీజాలు, ఆల్కహాల్‌కు చావవు. వాటిని నీళ్లతో కడిగి వదిలించుకోవలసిందే.

రబ్ చెంచాలో సగం తీసుకుని అరచేతులు రెండూ ఒకసారి రుద్ది వదిలేస్తే లాభం లేదు. గుంట చేసిన అరచేయి నిండా తీసుకోవాలి. 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. అరచేయి, చేతి వెనుక భాగం, వేళ్ల సందులు, బొటనవేళ్లు, చివరగా వేలికొసలు, గోళ్లు. హడావిడిలో తప్పిపోయేవి బొటనవేలూ వేలికొసలే. రోగికి ముందు తగిలేదీ అవే. సబ్బుతో అయితే తడపడం నుంచి ఆరబెట్టడం దాకా మొత్తం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ఆపరేషన్‌కు ముందు చేసే స్క్రబ్ వేరే సంగతి. దానికి 2 నుంచి 5 నిమిషాలు కావాలి. బ్రష్‌తో చర్మం గీకవద్దని మాత్రం ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే పాత అలవాటు ఇంకా పోలేదు.

రబ్ రాసుకున్నాక చేతులు ఆరేదాకా ఆగండి. విదిలించకండి, చీరకో కోటుకో తుడుచుకోకండి. తడిచేతులతో గ్లౌజులు తొడుక్కోకండి. సబ్బుతో కడిగిన వెంటనే, భద్రత కోసమని, పైన రబ్ కూడా రాసుకోకండి. చర్మం పగలడానికి ఆ అలవాటు ఒక కారణం. వేడినీళ్లూ అంతే. చర్మం పగిలిన చేతికి రబ్ తగిలితే భగ్గుమంటుంది, దాంతో మనిషి రబ్ జోలికే పోడు. నేరం రబ్‌ది అనుకుంటాం కానీ, ఎక్కువసార్లు చర్మాన్ని పాడుచేసింది సబ్బే. మంచి రబ్‌లో చర్మం ఎండకుండా గ్లిజరిన్ ఉంటుంది. డ్యూటీ దిగాక చేతులకు కొబ్బరినూనో క్రీమో రాసుకోవడం సింగారం కింద లెక్కవేయకండి.

గ్లౌజులు

చేతుల శుభ్రతకు అన్నిటికన్నా పెద్ద శత్రువు ఏదంటే నేను గ్లౌజులనే అంటాను. తొడుక్కున్నవాళ్లకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో రక్తం తీస్తారు, అదే గ్లౌజుతో కేస్ షీట్ తిప్పుతారు, తలుపు గడియ తీస్తారు, ఫోన్ ఎత్తుతారు, పక్కమంచానికి వెళ్తారు. గ్లౌజు వేసుకున్న మనిషి క్షేమంగా ఉండవచ్చు. వార్డు మాత్రం ఉండదు. 2025 మే 5న జరిగిన ప్రపంచ చేతుల శుభ్రతా దినానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంచుకున్న అంశం కూడా ఇదే. గ్లౌజులు అవసరం కావచ్చు, కాకపోవచ్చు, చేతుల శుభ్రత మాత్రం ఎప్పుడూ అవసరమే అన్నది దాని సారం.

గ్లౌజులకు కంటికి కనబడని చిల్లులు ఉంటాయి. తీసేటప్పుడు బయటి మురికి చేతికి తగులుతుంది. లోపల చెమట పట్టిన చేయి సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన చోటు. కాబట్టి తొడుక్కునే ముందూ, తీసిన వెంటనే కూడా చేతులు శుభ్రం చేసుకోవాలి.

సరఫరా తక్కువగా ఉన్న ఆస్పత్రిలో ఇంకో లెక్క ఉంది. ఎక్కడ గ్లౌజులు అక్కర్లేదో తెలిస్తే, కావలసిన చోటికి మిగులుతాయి. బీపీ చూడటానికి, జ్వరం చూడటానికి, మందు బిళ్ల ఇవ్వడానికి, మంచం పక్కకు జరపడానికి అక్కర్లేదు. చర్మం బాగుంటే కండకు ఇచ్చే ఇంజెక్షన్‌కు, టీకాకు కూడా అక్కర్లేదు, శుభ్రమైన చేతులు చాలు. రక్తం తీసేటప్పుడు, కాన్యులా పెట్టేటప్పుడు, కాన్పు చేసేటప్పుడు, గాయం కడిగేటప్పుడు, మలమూత్రాలు ఎత్తేటప్పుడు తప్పనిసరి.

ఒక జతతో ఇద్దరు రోగులను ముట్టుకోకండి. ఒకే రోగి దగ్గరైనా పుండు కడిగిన గ్లౌజుతో కాన్యులా ముట్టుకోకండి. గ్లౌజుల మీద రబ్ రాసి, లేదా సబ్బుతో కడిగి మళ్లీ వాడకండి. ఒకసారి వాడి పారేయాల్సినవాటిని ఉతికి పౌడర్ చల్లి ఆరేసే పద్ధతి ఒకప్పుడు పేద ఆస్పత్రులలో మామూలు. ఇప్పుడు దాన్ని సమర్థించడానికి లేదు. ఆయమ్మలకూ పారిశుద్ధ్య సిబ్బందికీ దళసరి రబ్బరు గ్లౌజులు ఇవ్వండి. వాటిని ఉతికి వాడవచ్చు. మన ఆస్పత్రులలో గ్లౌజుల పెట్టె డాక్టర్ల గదిలో ఉంటుంది, బెడ్‌పాన్ ఎత్తే ఆయమ్మ చేయి ఉత్తగా ఉంటుంది.

నీళ్లు లేనిచోట

ఘనాలో వెరోనికా బెకో అనే శాస్త్రవేత్త 1990లలో తోటివాళ్లంతా ఒకే గిన్నెలో చేతులు ముంచి కడుక్కోవడం చూసి, మూతపెట్టిన బకెట్‌కు అడుగున కొళాయి బిగించి స్టాండు మీద పెట్టి, కింద మురికినీళ్లకు ఇంకో గిన్నె పెట్టింది. ఘనాలో దాన్ని ఇప్పటికీ వెరోనికా బకెట్ అంటారు. ఎబోలా, కోవిడ్ కాలాలలో ఆ బకెట్ ఆఫ్రికాలో చాలా చోట్లకు వెళ్లింది. సూత్రం ఒక్కటే: చేతి మీద నీళ్లు పారాలి, చేయి నీళ్లలో మునగకూడదు.

ఈ చిన్న సూత్రాన్ని మన ఆస్పత్రులు ఎన్ని దశాబ్దాలు తప్పాయో పాతకాలం సిస్టర్లను అడగండి. వార్డు మధ్యలో స్టాండు, దానిమీద ఎనామిల్ బేసిన్, అందులో యాంటీసెప్టిక్ కలిపిన తెల్లటి నీళ్లు. డాక్టరుగారు రౌండ్స్‌లో ప్రతి రోగి తర్వాతా వేళ్లు ముంచేవారు. పక్కన వార్డ్ బాయ్ టవల్ పట్టుకుని నిలబడేవాడు. పొద్దుటి నుంచి అదే నీళ్లు, అదే టవల్. మర్యాదకు లోటు లేదు, వార్డంతటి సూక్ష్మజీవులూ ఆ టవల్‌లోనే.

నీళ్లు రోజంతా రాని చోట చేయండి: మూత ఉన్న, కొళాయి ఉన్న డ్రమ్ము వార్డులో పెట్టండి. పొద్దున, సాయంత్రం దాన్ని నింపే బాధ్యత ఎవరిదో పేరు రాసి పెట్టండి. మోచేత్తో తిప్పే కొళాయి దొరికితే అది వేయించండి. మామూలు కొళాయి అయితే చేతులు తుడుచుకున్న కాగితంతోనో గుడ్డతోనో కట్టేయండి. పాత కాటన్ బట్టను చిన్న ముక్కలుగా కోసి, ఉతికి, ఆరేసి శుభ్రమైన డబ్బాలో పెట్టండి. ఒక ముక్క ఒకసారికే, వాడినవి వేయడానికి వేరే బుట్ట. అదీ కుదరకపోతే గాలికి ఆరనివ్వండి.

చేయకండి: సబ్బుబిళ్లను నీళ్లు నిలిచే పెట్టెలో నాననివ్వకండి. చిన్న ముక్కలు చేసి, నీళ్లు కారిపోయే చిల్లుల పెట్టెలో పెట్టండి. లిక్విడ్ సోప్ సీసా సగమయ్యాక దాని మీదే కొత్తది పోయకండి. అడుగున ఉన్న పాతదాన్లో సూక్ష్మజీవులు బతికే ఉంటాయి. ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి నింపాలి. సింకును మందులు పారబోయడానికి, టీ గ్లాసులు కడగడానికి వాడకండి. పశ్చిమాఫ్రికాలో 2014-16 ఎబోలా సమయంలో చేతులకు 0.05 శాతం క్లోరిన్ నీళ్లు వాడారు. వేరే దారి లేనప్పటి ఏర్పాటు అది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో రోజూ చేతులు కడుక్కోవడం అలవాటు చేసుకోకండి.

గాజులు, ఉంగరాలు, దారాలు, ఫోన్లు

ఇక్కడ మాట జాగ్రత్తగా చెప్పాలి. మోచేతి కింద ఏమీ ఉండకూడదన్నది నియమం. గాజులు తీయమంటే మనసు కష్టపెట్టుకునేవాళ్లున్నారు, మొక్కుకుని కట్టుకున్న దారం తెంచమంటే ఒప్పుకోనివాళ్లున్నారు. డ్యూటీ ఎక్కేముందు గాజులు, ఉంగరాలు, వాచీ తీసి పెట్టుకోవడానికి తాళం ఉన్న చిన్న లాకరు ఇవ్వకుండా తీయమనడం అన్యాయం. దారాన్ని మణికట్టు నుంచి తీసి మెడలోనో భుజానికో కట్టుకోవచ్చని చెబితే చాలామంది సరేనంటారు. ఉంగరం కింద రబ్ చేరదు, ఉంగరం అంచు గ్లౌజును చింపుతుంది. ఈ రెండు కారణాలు చెప్పండి, ఆజ్ఞ అక్కర్లేదు.

గోళ్లు అర సెంటీమీటరు దాటనివ్వకండి. అతికించే గోళ్లు పెట్టుకోకండి. చొక్కా, కోటు చేతులు మోచేయి పైకి మడిచి ఉండాలి, తెల్లకోటు పొడుగు చేతుల అంచులు మంచాలన్నీ తుడుచుకుంటూ తిరగకూడదు. రోగి దగ్గర ఉన్నప్పుడు ఫోన్ ఎత్తితే, మళ్లీ రోగిని ముట్టుకునే ముందు చేతులు శుభ్రం చేసుకోవాలి.

రబ్ సొంతంగా తయారు చేసుకునే ఆస్పత్రులకు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూత్రం దాచిపెట్టిన రహస్యం కాదు, పేటెంట్ కాదు. పది లీటర్లకు 96 శాతం ఇథనాల్ 8,333 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, 98 శాతం గ్లిజరిన్ 145. మిగతాది డిస్టిల్డ్ వాటర్, లేదా కాచి చల్లార్చిన నీళ్లు. ఇథనాల్ దొరక్కపోతే 99.8 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 7,515 మిల్లీలీటర్లు వాడవచ్చు. పెరాక్సైడ్ చేతుల కోసం కాదు. ద్రవంలోనూ సీసాలలోనూ మిగిలిన బీజాలను చంపడానికి. అందుకే కలిపాక 72 గంటలు కదపకుండా ఉంచాలి. ఆ మూడురోజులు ఆగలేక వెంటనే వార్డుకు పంపేస్తే పెరాక్సైడ్ వేసిన ఫలితం ఉండదు.

దీన్ని వంటింటి పనిలా ఎవరో ఒకరు చేయకూడదు. ఫార్మసిస్టే చేయాలి, ఆల్కహాల్ మీటరుతో బలం కొలవాలి, ఎక్సైజ్ నిబంధనలు చూసుకోవాలి. ఒకసారికి 50 లీటర్లు మించకూడదు. 80 శాతం ఇథనాల్ ద్రవానికి 17.5 డిగ్రీల దగ్గరే నిప్పంటుకునే ఆవిరి వస్తుంది. రామగుండం ఎండాకాలంలో స్టోర్ రూమ్ ఎంత వేడెక్కుతుందో నేను చెప్పనక్కర్లేదు. గాలి తగిలే చల్లని గదిలో, కరెంటు బోర్డులకు, ఆక్సిజన్ సిలిండర్లకు, పొయ్యికి దూరంగా ఉంచండి. మిథనాల్ ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోయే విషం అది. లేబుల్ లేని డ్రమ్ము చౌకగా వచ్చిందంటే అనుమానించండి.

మంచినీళ్ల సీసాలలో, కూల్‌డ్రింక్ సీసాలలో రబ్ పోసి పెట్టకండి. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ఆస్పత్రి సీసాలు మాయమవుతున్నాయంటే అన్నీ ఇంటికి చేతులు శుభ్రం చేసుకోవడానికే పోతున్నాయని అనుకోవద్దు. మంచానికి బిగించే స్టాండు, గోడకు తాళంతో ఉండే డిస్పెన్సర్ పెట్టండి. మానసిక వైద్య వార్డులో, మద్యం మాన్పించే వార్డులో, పిల్లల వార్డులో మంచం దగ్గర సీసా వద్దు. సిబ్బంది జేబులోనే ఉండాలి.

ముస్లిం సిబ్బంది, రోగులు ఎక్కువగా ఉన్నచోట ఆల్కహాల్ గురించి ప్రశ్న వస్తే కసురుకోకండి. వైద్య అవసరానికి చర్మం మీద వాడటం వేరు, తాగడం వేరు అన్నది ఆ మతపెద్దలే చెప్పిన మాట. మాలీలో, సౌదీ అరేబియా ఆస్పత్రులలో వాడుతున్నారన్న సంగతి చెప్పండి.

సూపరింటెండెంటుగారికి

చేయవలసినవి, చేయకూడనివి పట్టికలన్నీ నర్సులకే రాస్తారు. అసలు పట్టిక మీది.

మంచం దగ్గర నిలబడి చేయి చాపండి. రబ్ సీసా అందలేదంటే ఆ వార్డులో ఎవరి చేతుల శుభ్రత గురించీ నివేదిక అడగకండి. నెలకు ఎంత రబ్ ఖర్చవుతోందో స్టోర్స్ రిజిస్టర్ చూడండి. ఇండెంట్ పెట్టింది తక్కువ, వార్డు కిటకిట, సీసాలు మాత్రం ఖాళీ కాలేదంటే వాడటం లేదన్నమాట. 2015లో కేంద్ర ఆరోగ్యశాఖ మొదలుపెట్టిన ఆస్పత్రి పరిశుభ్రతా పథకం కాయకల్ప మదింపుకు బృందం వచ్చే రోజున కొత్త సీసాలు వరసగా పేర్చి, మర్నాడు బీరువాలో పెట్టే పద్ధతి ఎంత విస్తారంగా ఉందో మీకు తెలియనిది కాదు. ఆ బీరువా తెరిపించండి.

గమనించేవాళ్లను పెట్టండి. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉంటే ఆమెకు వేరే డ్యూటీలు అంటగట్టకండి. ఆమె చూసిన లెక్కను వార్డుకు అంకెలుగా చెప్పండి, పేర్లుగా వద్దు. పదిమందిలో ఒకరి పేరు చదివి పరువు తీస్తే, మర్నాటి నుంచి ఆమె కనిపించినంతసేపే అందరూ చేతులు రుద్దుతారు. నేరుగా చెప్పవలసింది ఒక్క ప్రొఫెసర్లకే. పెద్దాయన రౌండ్స్‌లో రాసుకుంటే వెనకున్న పీజీలు, హౌస్ సర్జన్లు రాసుకుంటారు. ఆయన రాసుకోకపోతే వాళ్లూ రాసుకోరు. ఇంతకంటే చౌకైన శిక్షణ లేదు.

ఒక నర్సుకు నలభైమంది రోగులను అప్పజెప్పి ఐదు సందర్భాల పోస్టర్ అంటించకండి. ముందు ఖాళీ పోస్టుల ఫైలు కదిలించండి.

తోడు వచ్చినవాళ్లు

పేద దేశాలన్నిటిలో లాగే మన ప్రభుత్వాస్పత్రులలోనూ సగం నర్సింగ్ ఇంటివాళ్లే చేస్తారు. అన్నం తినిపించేది, బెడ్‌పాన్ పెట్టేది, బాలింతను లేపి కూర్చోబెట్టేది అమ్మో అక్కో అత్తగారో. బరువు తక్కువ బిడ్డను గుండెకు హత్తుకుని కూర్చునే తల్లి నవజాత శిశువుల ప్రత్యేక వార్డు (ఎస్‌ఎన్‌సీయూ)లో గంటలు గంటలు ఉంటుంది. వీళ్లకు ఎవరూ చెప్పరు. అడ్మిషన్ రోజునే సిస్టర్ ఒకసారి చేసి చూపించాలి: “అమ్మా, బిడ్డను ఎత్తుకునే ముందు, పాలు పట్టే ముందు ఇట్లా రాసుకోవాలి. బాత్రూమ్‌కు పోయి వస్తే మాత్రం సబ్బుతోనే.” చదువురాని వాళ్లకు పోస్టర్‌కన్నా ఈ అర నిమిషం మేలు.

తోడు వచ్చినవాళ్లు సెలైన్ గొట్టం తిప్పకండి, కాన్యులా దగ్గర ప్లాస్టర్ సరిచేయకండి, పక్కమంచం వాళ్లకు సాయం చేసి అదే చేత్తో మీవాళ్లకు తినిపించకండి. డాక్టరుగారినో సిస్టర్‌నో చేతులు శుభ్రం చేసుకోమని అడగడానికి జంకుతారు, నిజమే. “సిస్టర్, ముట్టుకునే ముందు ఒక్కసారి రాసుకుంటారా అమ్మా?” అంటే ఏ సిస్టరూ కోప్పడకూడదు. కోప్పడితే ఆ రోజు నుంచి వార్డులో ఎవరూ అడగరు.

రాత్రి డ్యూటీ గురించి ఒకటి. రెండు గంటలప్పుడు సీసా ఖాళీ అయితే కొత్తది ఎక్కడ ఉంటుందో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో నైట్ సిస్టర్‌కు తెలిసి ఉండాలి. తాళంచెవి స్టోర్ కీపర్‌తోపాటు ఇంటికి వెళ్లిపోయే ఆస్పత్రులలో, సాయంత్రం షిఫ్ట్ మారేటప్పుడే వార్డుకు రెండు నిండు సీసాలు అదనంగా అప్పగించి, రిజిస్టర్‌లో సంతకం తీసుకోండి.